మా చిట్టికి అరవడం నేర్పింది నేనే!

టీమ్ మీటింగ్‌లో నేను మ్యూట్ తీస్తే చాలు, వెనకాల నుంచి చిట్టి అందుకునేది. ఒకసారి మేనేజర్, "మీ ఇంట్లో ఫైర్ అలారమ్ మోగుతున్నట్టుంది, చూసుకో" అన్నారు. అది అలారమ్ కాదు. తొంభై గ్రాముల బరువుండే కాకటీల్. తల మీద పసుపు జుట్టు, బుగ్గల మీద నారింజ చుక్కలు, చూడ్డానికి బొమ్మలా ఉంటుంది. గొంతు మాత్రం ప్రెషర్ కుక్కర్.

మాది మందస. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో ఒంటరిగా అనిపించి, విశాఖపట్నం వెళ్లినప్పుడు దీన్ని కొన్నాను. ఏడాది బాగానే గడిచింది. తర్వాత రెండు నెలల్లో హైదరాబాద్ ఆఫీసుకి రావాలని మెయిల్ వచ్చింది. పీజీ హాస్టల్లో పిట్టని ఉండనివ్వరు. అప్పటికే అది అమ్మ వేలిని రక్తం వచ్చేలా రెండుసార్లు కొరికింది.

"ఒరే, నువ్వెళ్లిపోతావు. ఈ కరిసే పిట్టని నానేటి సేసుకుంటాను? ఎవులికైనా ఇచ్చీ" అంది అమ్మ.

ఇచ్చేయడం పెద్ద పని కాదు. కానీ కరిచే పిట్టని తీసుకున్నవాళ్లు కూడా నాలుగు రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. కాకటీల్ బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. అన్నేళ్లూ ఇల్లు మారుతూ బతకాలా? నా చేతిలో ఉన్నది రెండు నెలలు.

ముందు విశాఖలో పక్షులు చూసే డాక్టర్‌కి చూపించాను. ఒంట్లో బాగోకపోయినా పక్షులు కొరుకుతాయి. ఆరోగ్యం బాగానే ఉందన్నారు. ఇక నాకు తెలిసిన పనే మొదలుపెట్టాను, లాగ్ రాయడం. గూగుల్ షీట్‌లో మూడు గళ్లు: ముందు ఏం జరిగింది, చిట్టి ఏం చేసింది, వెంటనే ఏం జరిగింది.

పది రోజులయ్యాక మూడో గడి చదివితే తల తిరిగింది. చిట్టి అరిచింది, నేను వెళ్లి "ష్" అన్నాను. అరిచింది, పొద్దుతిరుగుడు గింజలు పెట్టాను. అరిచింది, పంజరం దగ్గర నిలబడి తిట్టాను. బుద్ధిగా ఈల వేసుకుంటూ కూర్చున్నప్పుడు? ఆ వరసలో గడి ఖాళీ. "హమ్మయ్య, ఊరుకుంది" అని నేను ల్యాప్‌టాప్‌లో తల పెట్టేవాణ్ని. అంటే అరిస్తే మనిషి వస్తాడు, మంచిగా ఉంటే ఎవడూ రాడు. ఏడాదిపాటు ఈ పాఠం నేనే చెప్పాను. బగ్ పిట్టలో లేదు.

తిట్టడం శిక్ష అని మనం అనుకుంటాం. గుంపులో బతికే పక్షికి మనిషి దగ్గరకి రావడమే బహుమతి, తిట్లు వేరే లెక్క కాదు. కొరకడం సంగతీ అంతే. భయపడి కొరుకుతుంది, చేయి వెనక్కి పోతుంది, భయం తీరుతుంది. పని జరిగింది కదా, మళ్లీ అదే చేస్తుంది.

గింజ ఇచ్చిన పనే మిగులుతుంది

దేని తర్వాత మేలు జరిగితే ఆ పని పెరుగుతుందన్న సూత్రాన్ని ల్యాబ్‌లో కొలిచి చూపించినవాడు అమెరికా సైకాలజిస్ట్ బి.ఎఫ్. స్కిన్నర్. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన పావురాలకి గింజలిచ్చి, బాంబుకి దారి చూపించడం కూడా నేర్పాడు. వాటిని యుద్ధంలో వాడలేదు లెండి. ఆ ప్రాజెక్టులో పనిచేసిన బ్రెలాండ్ దంపతులు తర్వాత ఇదే పద్ధతిలో రకరకాల జంతువులకి శిక్షణ ఇచ్చారు.

మనకి స్కిన్నర్ దాకా ఎందుకు? చిలక జోస్యం చూడలేదా? చిన్నప్పుడు కాశీబుగ్గలో నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ని. పేరు చెప్పగానే చిలక బయటికొచ్చి, ఓ కార్డు లాగి, ఓ వడ్లగింజ తిని, తనంతట తాను పంజరంలోకి వెళ్లిపోయేది. దేవుడు చెప్పిస్తున్నాడనుకునేవాణ్ని. ఇప్పుడు తెలుస్తోంది, ఆ గింజ టైమింగే మొత్తం మేజిక్. కానీ ఆ చిలక రెక్కలు కత్తిరించినవి, అడవిలో పట్టి తెచ్చినది. శిక్షణ ఒక్కటి బాగుంటే సరిపోదు.

ఇది చదివి తాటి తొర్రలోంచి రామచిలుక పిల్లని దింపుకునేవాళ్లుంటారు, అందుకే చెప్తున్నా. మన రామచిలుకని పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాకటీల్ ఆస్ట్రేలియా పక్షి, తరతరాలుగా పంజరాల్లోనే పుడుతోంది. మకావ్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలుకలుంటే 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

అమ్మ గాజులు

మొదటి పని, దానికి ప్రాణమైన తిండి ఏదో కనుక్కోవడం. పలాస పక్కనే ఉన్నాం కదా, జీడిపప్పు పెడదామా అనుకున్నాను. నూనె ఎక్కువ, ఉప్పు వేసినదైతే అసలు పనికిరాదు. చివరికి తేలింది కొర్ర కంకి. పెట్ షాపుల్లో మిల్లెట్ స్ప్రే అని ప్యాకెట్లో అమ్మేది సాధారణంగా ఇదే. మామూలు తిండి ఎప్పట్లాగే పెట్టాలి, కడుపు మాడ్చకూడదు. కంకి మాత్రం శిక్షణప్పుడే.

రెండోది, "ఇప్పుడు చేసిందే కరెక్ట్" అని చెప్పే ఒక చిన్న శబ్దం. ఆ శబ్దం వచ్చిన వెంటనే గింజ రావాలి. అమ్మ "ఆఁ" అంటానంది. రెండు రోజులకే తేడా కొట్టింది. అమ్మ ఫోన్లో పిన్నితో "ఆఁ... ఆఁ..." అంటుంటే చిట్టి పంజరం ముందుకొచ్చి గింజ కోసం మెడ చాస్తోంది! దాంతో నాలుకతో "టక్" అనడానికి మార్చాం.

తర్వాత ఐస్‌పుల్ల. చీపురుపుల్ల వద్దంది అమ్మ, కంట్లో గుచ్చుకుంటుందని. చిట్టి పుల్ల వైపు చూస్తే టక్, గింజ. ఒక అడుగు వేస్తే టక్, గింజ. ముక్కుతో ముట్టుకుంటే టక్, గింజ. నాలుగో రోజుకి పుల్ల ఎటు తిప్పితే అటు నడిచింది. రోజుకి రెండుసార్లు, ఐదు నిమిషాలకి మించకుండా. అది వెళ్లిపోతే వెళ్లనివ్వాలి. ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో కొని, 2007లో అది చనిపోయేదాకా పాఠాలు చెప్పిన అలెక్స్ అనే ఆఫ్రికన్ గ్రే చిలుక, విసుగొస్తే వెనక్కి వెళ్తానని మాటల్లోనే చెప్పేది. చిట్టికి మాటలు రావు. జుట్టు వెనక్కి అణిచి, బుస్సుమని వెనక్కి వంగుతుంది. అంతకుముందు అవన్నీ నేను చూసీ చూడనట్టు, "ఎక్కు, ఎక్కు" అని వేలు పొట్టకి నొక్కేవాణ్ని. ఓసారి తువ్వాలు కప్పి కూడా పట్టుకున్నాను. తలచుకుంటే సిగ్గేస్తుంది.

అరుపుల దగ్గరే అసలు కష్టం. అరిస్తే వెళ్లకూడదు, ఈల వేస్తే వెంటనే ఈలతో జవాబివ్వాలి, గింజ ఇవ్వాలి. ఇది మొదలుపెట్టాక అరుపులు తగ్గలేదు, పెరిగాయి. లిఫ్ట్ రాకపోతే మనం బటన్‌ని ఇంకా గట్టిగా నొక్కమా, అలాగ. నాలుగో రోజు నాన్న తట్టుకోలేక గుప్పెడు గింజలు పెట్టేశారు. ఎప్పుడో ఒకసారి దొరికే బహుమతి రోజూ దొరికేదానికన్నా మొండి. రీల్స్‌లో ఒక మంచి వీడియో కోసం మనం యాభై స్క్రోల్ చేసేది అందుకే కదా. మళ్లీ మొదటికొచ్చాం. ఈసారి పంజరాన్ని కూడా మార్చాం. హాల్లో రాత్రి పదకొండు దాకా టీవీ మోగుతుంటే దానికి నిద్రెక్కడిది? పక్షికి పది, పన్నెండు గంటల చీకటి కావాలి. వెనక గదిలో పెట్టాక మూడో వారానికి పొద్దున్నే లేచి అరవడం బదులు ఈల మొదలుపెట్టింది.

అమ్మని ఎందుకు కొరుకుతోందో మాత్రం అంతు చిక్కలేదు. షీట్ మళ్లీ చదివాను. కాటు పడినప్పుడల్లా అమ్మ కుడి చేయి. ఎడమ చేతికి వాచీ, కుడి చేతికి డజను మట్టిగాజులు. చేయి పంజరంలో పెట్టగానే గలగల. దానికి హడల్!

"గాజులు తీసీమంటావేటి?" అంది అమ్మ, నన్నే కొరికేలా చూస్తూ.

తీయనక్కర్లేదు. ఒక్క గాజుని బల్ల చివర పెట్టాం. చిట్టి దూరం నుంచి చూసింది, టక్, గింజ. రోజుకి జానెడు దగ్గరికి జరిపాం. తర్వాత రెండు గాజులు, మెల్లగా ఒకసారి చప్పుడు. జుట్టు అణిచిందంటే మర్నాడు ఒక మెట్టు వెనక్కి. ఈ పని నాకన్నా అమ్మకే బాగా వచ్చింది. నాకు తొందర ఎక్కువ, ఐదో మెట్టు నుంచి పదో మెట్టుకి దూకుతాను. అమ్మ పప్పులో రాళ్లు ఏరినట్టు కూర్చునేది. నేను బయల్దేరడానికి ఆరు రోజుల ముందు, గాజుల చేతి మీదకి చిట్టి తనంతట తానే ఎక్కింది. అమ్మ ఊపిరి బిగబట్టి, "ఒరే, ఎక్కీసింద్రా" అని గుసగుసలాడింది. టక్ అనడం మర్చిపోయింది.

హైదరాబాద్ వచ్చి మూడు నెలలు. చిట్టి ఇప్పుడు గాజుల చప్పుడు వింటే ఈల వేస్తుందట. ఇప్పటికీ నాన్న వేలిని అప్పుడప్పుడు కొరుకుతుంది, ఆయన ఇప్పటికీ తొందరపెడతారు కాబట్టి. వీడియో కాల్లో నా గొంతు వినగానే మాత్రం పాత అలారమ్ మొదలుపెడుతుంది. అది అరిస్తే అమ్మ ఫోన్ కట్ చేసేస్తోంది. ఈల వేశాక మళ్లీ చేస్తోంది. నిన్న మూడుసార్లు కట్ అయ్యాను.