పొడి పిడుగుతో అడవికి ముప్పు

వేసవిలో ఉరుము వినిపిస్తే అడవి అంచున పొలాలున్న రైతులకు రెండు భయాలు. పశువుల మీద పిడుగు పడుతుందేమోనన్నది ఒకటి. అడవి అంటుకుని మంట గడ్డివాము దాకా వస్తుందేమోనన్నది రెండోది. ఈ రెండో ముప్పు ఎప్పుడు ఎక్కువో ముందే అంచనా కట్టవచ్చు.

నిప్పు ఎలా రాజుకుంటుంది?

పిడుగులన్నీ మంట పెట్టవు. వానతోపాటు పడితే నిప్పు చాలావరకు తడికే ఆరిపోతుంది. మబ్బు బాగా ఎత్తున ఉండి, కింది గాలి పొడిగా ఉంటే చినుకులు నేలకు చేరకముందే ఆవిరైపోతాయి. పిడుగు మాత్రం పడుతుంది. ఈ పొడి పిడుగుతోనే ప్రమాదం. 2020 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇలాగే వందలాది చోట్ల మంటలు లేచాయి. వాటిలో కొన్ని కలిసిపోయి ఒక్క ప్రాంతంలోనే 10 లక్షల ఎకరాలకు పైగా కాలింది.

అంచనా కట్టేదెలా?

కెనడాలో రూపొందిన పద్ధతిని చాలా దేశాలు అనుసరిస్తున్నాయి. రోజూ మధ్యాహ్నం ఎండ వేడి, గాలిలో తేమ, గాలి వేగం, గడచిన 24 గంటల వాన చూస్తారు. వీటిని బట్టి నేలమీది ఆకులు, వాటి కింది పొరలు ఎంత ఎండాయో లెక్కిస్తారు. పై ఆకు ఒకటి రెండు ఎండలకే ఆరిపోతుంది. లోపలి పొర ఎండడానికి వారాలు పడుతుంది. అదీ ఎండితే పిడుగు నిప్పు రోజుల తరబడి లోలోపలే రగిలి, గాలి వీచిన రోజు పైకి లేస్తుంది. అందుకే పిడుగులు పడిన చోట్లను గుర్తించి నిఘా పెడతారు.

మన దగ్గర

మన అడవుల్లో మంటలు చాలావరకు మనుషుల వల్లే వస్తున్నాయి. అయితే ఆకు ఎండాక పిడుగైనా, బీడీ ముక్కయినా ఒకటే.

రైతులు చేయాల్సినవి:

* ఆకు చేతిలో నలిపితే పొడుమైపోతున్న రోజుల్లో గట్ల మీద చెత్త తగలబెట్టకండి.
* గడ్డివాము చుట్టూ ఎండుగడ్డి, ఆకులు చెక్కి నేల కనిపించేలా ఉంచండి.
* వాన లేకుండా ఉరిమితే నాలుగైదు రోజులు అడవి వైపు పొగ కోసం చూస్తుండండి. కనిపిస్తే అటవీ సిబ్బందికి, లేదా 101కు చెప్పండి.
* ఉరుముతుంటే చెట్టు కింద నిలబడకండి. పిడుగు హెచ్చరికలకు ఫోన్‌లో దామిని యాప్ ఉంచుకోండి.

చిన్న పొగగా ఉన్నప్పుడు పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పవచ్చు. గాలి అందుకుంటే ఊరంతా కదిలినా ఆగదు.