శ్రీశైలం దారిలో సైకిలు

కొండలు, అడవులు, వాటి నడుమ మెలికలు తిరుగు దారి, ఆ దారిలో సైకిలు ప్రయాణం అనగానే మన విద్యార్థులకు ఆల్ప్సు పర్వతాలో, హిమాలయాలో జ్ఞప్తికి వస్తవి. మొన్న తరగతిలో యాత్రాచరిత్రలను గూర్చి పాఠం చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "అటువంటి దారులు మనకెక్కడివి సార్?" అని అడిగినాడు. నీ ఇల్లెక్కడ అని నేనడిగితే శాలిబండ అన్నాడు. "అయితే నీ గడప ముందునుంచే ఒక దారి నల్లమల అడవిలోకి పోతున్నది, చూడలేదా?" అన్నాను. తరగతి అంతా నవ్వినది కాని నేను హాస్యానికి చెప్పిన మాట కాదది.

చార్మినారు వద్ద దక్షిణాభిముఖంగా నిలిచి శాలిబండ, అలియాబాదు, చాంద్రాయణగుట్టల మీదుగా సాగిపోయిన వానికి పహాడీషరీఫు, తుక్కుగూడ, కందుకూరు, కడ్తాల, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి, మన్ననూరు వరుసగా ఎదురవుతవి. అటుపైన అడవి. అడవి చివర కృష్ణ. కృష్ణ ఆవలి ఒడ్డున శ్రీశైలం. మొత్తం సుమారు 215 కిలోమీటర్లు. పాతబస్తీలో పాలసీసాలు వ్రేలాడదీసుకొని తిరిగే సైకిలు కూడ ఈ దారిన పోగలదు. పోవలెనను మనసు, పోవు విధానం తెలిసిన బుద్ధి ఉండవలెను.

తెలుగువారికి శ్రీశైలయాత్ర కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగమే ఈ యాత్రకు కేటాయించినాడు. ఆ క్షేత్రానికి నాలుగు ద్వారాలున్నవని పెద్దలు చెప్పుదురు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. మనవైపునుంచి పోవువారికి ఉత్తరద్వారమే దారి. అచ్చంపేట సమీపాన రంగాపురం వద్ద కొండచరియ క్రింద ఉన్న ఆ క్షేత్రాన్ని చూడక ముందుకు పోవుట నాకు సమ్మతం కాదు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించినాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసునుంచి కాశికి బయలుదేరి, శ్రీశైలం దర్శించి, హైదరాబాదు మీదుగా ఉత్తరానికి సాగినాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. అందులో ప్రతి మజిలీకి ఒక లెక్క ఉన్నది. ఊరు, నీటి వసతి, దొరకే సామాను, దారి గుణం. సైకిలుపై దూరప్రయాణం చేయువానికి అంతకు మించిన గురువు లేడని నా అభిప్రాయం. కారులో పోవువాడు ఊళ్లను దాటిపోవును, సైకిలుపై పోవువాడు మజిలీలు చేయును.

డిండి వరకు దారిని గూర్చి విస్తరించి చెప్పవలసినది లేదు. ఎండ, లారీలు, పత్తిచేలు, చింతచెట్లు. డిండి జలాశయం గట్టున కాసేపు కూర్చుంటే కాళ్లకు ప్రాణం వస్తుంది. హాజీపురం చౌరస్తా దాటినాక దక్షిణాన నీలిరంగు గీతవలె కొండలు కనిపిస్తవి. మన్ననూరు వద్ద అటవీశాఖ తనిఖీ ద్వారం ఉన్నది. రాత్రి 9 గంటలనుంచి ఉదయం 6 గంటలవరకు అడవిలోకి వాహనాలను పోనివ్వరు. ఇది పెద్దపులుల అభయారణ్యం. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల రక్షితప్రాంతంగా ఏర్పడినది, 2014లో రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ భాగం అమ్రాబాదు పేరున వేరయినది.

సైకిలుపై పోవువాడు ఈ వేళల లెక్కను మొదటనే వేసుకొనవలెను. ఫ్రాన్సులోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అను సంస్థ నియమాల ప్రకారం 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో ముగించవలెను. విశ్రాంతి, భోజనం అన్నీ కలుపుకొని గంటకు 15 కిలోమీటర్లకు లోపే అన్నమాట. ఆ లెక్కన తెల్లవారుజామున చార్మినారు విడిచినవాడు ఒక్కనాటనే శ్రీశైలం చేరవచ్చును గాని, అలసిన కాళ్లతో, చీకటి పడు వేళ, పులుల అడవిలో పోవుట సాహసమనిపించుకొనదు. మొదటిరోజు మన్ననూరు చేరి పడుకొని, మరునాడు ద్వారం తెరచిన వెంటనే బయలుదేరుట మేలు.

అడవి దారి సుమారు 60 కిలోమీటర్లు. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి, వెదురు. మోటారు చప్పుడు లేకపోవుటచేత సైకిలువానికి వినిపించునవి మరెవరికిని వినిపించవు. ఎండుటాకులపై నెమలి నడక, దూరాన దుప్పి కూత, వెదురుపొదలో గాలి. ఫరహాబాదు అను చోటు వస్తుంది. 'ఫరహ్' అనగా ఆనందం. నైజాం కాలంలో ఇది వేట అడవి. పాతబస్తీలో పుట్టినవానికి ఈ పేరు అర్థం చెప్పనక్కరలేదు. అక్కడి లోయ అంచుకు అటవీశాఖ వాహనంలోనే పోవలెను, సైకిలుతో కాదు.

తరువాత వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట. ఈ పేర్లవద్ద నేను కొంచెం ఆగవలసి ఉన్నది. 'పెంట' అనగా మనకు తిప్ప, చెత్త. చెంచులకు అది కాదు. పది ఇండ్లు కలిసి ఉన్న నివాసం పెంట. నల్లమలలో ఎన్నో పెంటలున్నవి. ఇది తెలియక ముక్కు మూసుకొను ప్రయాణికులను నేను చూచినాను. 2024లో దోమలపెంటను బ్రహ్మగిరి అని, ఈగలపెంటను కృష్ణగిరి అని మార్చినారు. గంభీరమైన పేర్లే. కాని బ్రహ్మగిరులు, కృష్ణగిరులు దేశంలో పలుచోట్ల ఉన్నవి. చెంచుల నోట పుట్టి, వారి బ్రతుకును తెలుపు మాట ఒకటి పటంలోనుంచి తొలగిపోయినది. తెలుగు చెప్పుకొని జీవించువాడిని గనుక ఈ మాట అనకుండ ఉండలేను. మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమండార్ఫ్ 1940 ప్రాంతంలో ఈ అమ్రాబాదు పీఠభూమిపై చెంచులమధ్య నివసించి, 1943లో వారిపై గ్రంథం ప్రకటించినాడు. ఆస్ట్రియానుంచి వచ్చినవాడు పెంట అర్థాన్ని నేర్చుకొన్నాడు గదా!

ఈగలపెంట దాటినాక దారి ఒక్కసారిగా కృష్ణవైపు దిగుతుంది. ఇక్కడనే ప్రమాదం. 1991 శీతాకాలంలో నేనూ ఒక మిత్రుడూ ఈ దారిన వచ్చినాము. నాది మా నాయన సైకిలు. ఒకటే పళ్లచక్రం, ఇనుప చువ్వల బ్రేకులు. బయలుదేరునప్పుడు నాయన, "గుట్ట దిగేకాడ సైకిలు దిగి నడిపించుకొని పో బిడ్డా" అని ఒకటే మాట చెప్పినాడు. ఇరవై ఏండ్ల వయసులో ఆ మాట ఎవరికి చెవికెక్కును? మూడవ మలుపులో బ్రేకు నొక్కితే సైకిలు ఆగలేదు. వాసన వచ్చినది, రబ్బరు కాలిన వాసన. కాలు నేలకు ఆనించి, కొండవైపున్న కంకరలోకి మళ్లించి పడినాను. లోయవైపు మళ్లి ఉంటే ఈ వ్యాసం ఉండదు. ఇంటికి వచ్చినాక నాయన నా చెప్పు అరిగిన అడుగును చూచినాడు. ఏమీ అనలేదు. మరునాడు కొత్త బ్రేకు రబ్బర్లు తెచ్చి బిగించినాడు.

అప్పుడు తెలియని సంగతి తరువాత లెక్కవేసి తెలుసుకొన్నాను. మనిషీ సైకిలూ కలిసి 85 కిలోలనుకొందాము. 300 మీటర్ల ఎత్తునుంచి దిగునప్పుడు ఆ బరువు విడుచు శక్తి అంతా బ్రేకులలో వేడిగా మారితే, ముప్పావు లీటరు నీటిని తెర్లించుటకు చాలును. అంత వేడిని రెండు జతల చిన్న రబ్బరు ముక్కలు భరించవలెను. అందుచేత బ్రేకును అదేపనిగా పట్టి ఉంచక, నొక్కి విడుచుచు, మధ్యమధ్య ఆగి చల్లార్చుకొనుచు దిగవలెను. భౌతికశాస్త్రం బోధించు మిత్రులు ఈ లెక్కను పిల్లలచేత చేయించవచ్చును.

ఎక్కుటకు మరొక లెక్క. మా నాయన సైకిలుకు ముందు 44 పళ్లు, వెనుక 18. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు అయిదు మీటర్లకు పైగా సాగును. సమతలంలో అది సుఖం, గుట్టపై శిక్ష. ముందు 22, వెనుక 34 పళ్లున్న గేరులో ఒక చుట్టుకు ఒకటిన్నర మీటరుకూడ సాగదు. నెమ్మది, కాని మోకాలు బ్రతుకును. ఫ్రాన్సుదేశపు ప్రసిద్ధ సైకిలు పందెం 1910లో పిరనీసు పర్వతాలెక్కినది, గొలుసును ఒక చక్రంనుంచి మరొకదానికి మార్చు గేరును మాత్రం 1937 వరకు పోటీదారులకు అనుమతించలేదు. సులభమార్గం వీరత్వానికి తక్కువని నిర్వాహకుల భావన కాబోలు. నాకు అట్టి భావన లేదు. గేరు లేనివాడు దిగి నడిపించుకొనుటలోనూ అవమానం లేదు.

ఆనకట్ట దిగువన వంతెనపై నిలిచి పైకి చూచుట ఈ యాత్రలో మరపురాని ఘట్టం. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసినాడు. నిండినప్పుడు జలాశయమట్టం 885 అడుగులు. గేట్లు ఎత్తిన దినాలలో నీటితుంపర వంతెనపైనున్నవాని ముఖానికి తగులును. ఆపైన సున్నిపెంటకు ఎక్కుడు మొదలు. చూచితిరా, ఇక్కడకూడ ఒక పెంట మిగిలి ఉన్నది.

అడవిపై స్తంభాలు నిలిపి ఎత్తైన రహదారి వేయవలెనను ప్రతిపాదన ఇటీవలి సంవత్సరాలలో వచ్చినది. వాహనాల క్రింద పడి జంతువులు చచ్చుచున్నవి గనుక, క్రింద నేలను వాటికి విడిచిపెట్టుట న్యాయమనువారున్నారు. స్తంభాలు వేయుటకే ఎంత అడవి పోవునో అని శంకించువారూ ఉన్నారు. రెండు మాటలలోనూ బలమున్నది. నేను అడుగునది ఒక్కటే. ఆ దారి వచ్చిననాడు క్రింది పాతరోడ్డును పూర్తిగా మూసివేయక, పగటివేళ కాలినడకవారికి, సైకిలువారికి, పెంటల మనుషులకు ఉంచుదురా? ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్లు నాకు కనబడలేదు.

శాలిబండ విద్యార్థీ, అతని స్నేహితుడూ డిసెంబరులో బయలుదేరుచున్నారు. ఒకనికి గేర్ల సైకిలు, మరొకనికి వాళ్ల తాత సైకిలు. నేను వారికి రెండు వస్తువులిచ్చినాను. వీరాస్వామయ్య పుస్తకం, ఒక జత బ్రేకు రబ్బర్లు. రబ్బర్లు తీసుకొన్నారు. పుస్తకం బరువని, వచ్చినాక చదువుదుమని తిరిగి ఇచ్చి పోయినారు.