మంచులో ఒక ఆట

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో మేము నలుగురు స్నేహితులం డిస్క్ గోల్ఫ్ ఆడుతుంటాము. పళ్ళెంవంటి ప్లాస్టిక్ చక్రాన్ని విసిరి, గొలుసులు వ్రేలాడే ఇనుప బుట్టలో వేయాలి. తక్కువ విసురులతో ముగించినవాడే విజేత. ఇక్కడి కొలంబియాలో 1987లో ఆరంభమైన ఐస్ బౌల్ అనే చలికాలపు ఆటలు ఆకలిగొన్నవారికై విరాళాలు పోగుచేస్తాయి.

మాది మాత్రం ఉత్త సరదా ఆట. అయినా గత వేసవి పోటీలో ఒక్క విసురు లెక్కమీద మాలో ఇద్దరికి మాటలు నిలిచిపోయాయి.

జనవరిలో ఆడాము. చలికి చక్రం బిరుసెక్కుతుంది, వ్రేళ్ళు మొద్దుబారుతాయి. రంగు రిబ్బను అంటించకపోతే మంచులో చక్రం కనబడదు. ఆ ఇద్దరిలో ఒకడు అంటించడం మరచాడు, పోగొట్టుకున్నాడు. రెండవవాడు పిలువకుండానే వెళ్ళి మోకాళ్ళమీద మంచు తవ్వసాగాడు. అరగంటకు దొరికింది.

"తీసుకోరా. ఆనాటి లెక్క నీదే సరి."

"కాదురా, నీదే."

ఇక దానిమీద మళ్ళీ వాదన!