లూరు జాతివారి నేత సంచులు

మీరు ప్రతిదినమును పుస్తకముల సంచి తగిలించుకొని బడికి వచ్చుచున్నారు. ఆ సంచికి ఆ యాకారమేల కలిగెనో యెన్నడైన నాలోచించితిరా? ఒక జనము వాడు సంచులను శ్రద్ధతో పరిశీలించినచో వారి జీవనవిధానము చాలవరకు తెలియగలదు. ఇందుకు లూరు జాతివారి సంచులు చక్కని నిదర్శనము.

ఇరాను, అనగా పూర్వపు పారశీకదేశము యొక్క పడమటి భాగమున జాగ్రోసు పర్వతములు గలవు. వానిలో 14,000 అడుగులు మించిన శిఖరములును గలవు. మనము బైబిలునందు చదువు ఏలాము దేశము ఈ ప్రాంతముననే యుండెను. ఇచ్చటి లూరులలో ననేకులు తరతరములుగా గొఱ్ఱెలను మేకలను మేపుచు, వేసవిలో చల్లని మెట్టభూములకును, శీతకాలమున వెచ్చని పల్లములకును తరలిపోవుచుండెడివారు. మేకవెండ్రుకలతో నేసిన నల్లని గుడారమే వారి యిల్లు. కొయ్యపెట్టెలను కొండదారుల మోయించుట కష్టము. కావున సంచియే వారికి పెట్టె, సంచియే గాదె.

వీనిలో ముఖ్యమైనది ఖుర్జీను. ఇది గాడిదవీపునకు ఇరుప్రక్కల వ్రేలాడు జంటసంచి. మన పెద్దలు ఎద్దులపై వేసిన పెరికె వంటిది. హిందూస్థానీలోని ఖుర్జీ యను మాట దీనికి సంబంధించినదే. దీని నోటియంచున ఉచ్చులు వరుసగా నుండును. ఒకదానిలోనుండి మఱియొకటి దూర్చి బిగించినచో, పశువు ఎంత కుదిపినను సరకు జారదు.

రెండవది నమక్‌దాను, అనగా ఉప్పుసంచి. గొఱ్ఱెలకు ఉప్పు మిక్కిలి యవసరము. ఈ సంచి క్రింద వెడల్పుగాను, పైన సన్నని మెడతోను ఉండును. ఆ మెడలో కాపరి చేయి పట్టును గాని గొఱ్ఱె మూతి పట్టదు. మెడను మడిచినచో ఉప్పు ఒలికిపోదు. చూచితిరా, అందమునకై చేసినట్లు కనబడు ఆకారమునకు ఎంత ప్రయోజనమున్నదో!

వీనిని నేయువారు స్త్రీలు. నేలలో మేకులు పాతి మగ్గము నమర్తురు. ప్రయాణదినము వచ్చినప్పుడు మేకులు పెఱికి, సగము నేసిన బట్టను దూలములకు చుట్టి పశువుపై వేయుదురు. నూలు తమ గొఱ్ఱెల ఉన్నియే. ఎఱుపు మంజిష్ఠజాతి మొక్క వేరునుండియు, నీలము నీలిమందునుండియు కలుగును. ఆ నీలిమందు పూర్వము మన హిందూదేశమునుండియు అచ్చటికి ఓడలపై పోయెడిది. పడుగు పోగులకు రంగునూలు చుట్టుచు పూవులను కోణములను తీర్తురు. సంచి అడుగుభాగము రాళ్లకు రాచుకొని త్వరగా చిరుగును గదా! అందుచేత అనేక సంచులకు అచ్చట మాత్రము తివాసీవలె ముడులు వేసి దట్టముగా నేయుదురు. కాగితముపై గీసిన నమూనా లేదు. తల్లి నేయుచుండగా కూతురు చూచి, పోగులు లెక్కించి నేర్చుకొనును.

1925 మొదలు 1941 వరకు ఏలిన రిజా షా ఈ సంచారజాతులను బలవంతముగా ఒకచోట స్థిరపఱచ యత్నించెను. మందలు చాల నశించెను. ఆయన పదవి విడిచిన పిమ్మట పలువురు మరల తరలిపోసాగిరి. అటుపై రోడ్లు, లారీలు వచ్చెను. పెక్కుమంది గ్రామములలో నిలిచిపోయిరి. నేటికిని కొందఱు మందలతో తరలుచున్నను, ఇట్టి సంచుల యవసరము తగ్గినది. వర్తకులు పాత ఖుర్జీనులను కోసి, అలంకారముగల ముందుభాగమును మాత్రమే విడిగా నమ్ముట కలదు. గోడపై వ్రేలాడు ఆ ముక్క అందముగానే యుండును. కాని అది యేమి మోసెనో, ఏ కొండ లెక్కెనో చెప్పువారు లేరు.

అక్షరము నేర్వని ఆ స్త్రీల వ్రేళ్లలో ఎంత గణితమున్నదో, ఎంత యాలోచన యున్నదో గమనింపుడు. బడికి రానివారందఱు తెలివి లేనివారని తలంపకుడు. ఈ సెలవులలో మీ యింటనున్న పాత బుట్టనో, చేటనో, ఉట్టినో చేతబట్టి, అది అట్లేల చేయబడెనో మీ అవ్వ నడుగుడు. ఆమె చెప్పినదానిని వ్రాసి తెండు. ఆమె చెప్పగలిగినప్పుడే మన మడుగవలయును.