పేరుకు అంటుకున్న మనిషి

1973లో ముంబయిలో మరాఠీ రచయిత రమేశ్ టెండూల్కర్ తన చిన్న కొడుక్కి సచిన్ అని పేరు పెట్టారు. సంగీత దర్శకుడు సచిన్ దేవ్ బర్మన్ మీద ఆయనకున్న అభిమానమే అందుకు కారణం. ఆ రోజుల్లో సచిన్ అంటే సినీ సంగీత ప్రియులకు బర్మన్ బాణీలు గుర్తొచ్చేవి. పాతికేళ్లు తిరక్కుండానే అదే పేరు వింటే దేశమంతటికీ బ్యాటు పట్టుకున్న ఆ కొడుకే కళ్లకు కట్టసాగాడు. పేరులో ఒక్క అక్షరం మారలేదు. అది విన్న మెదడులో ముందుగా మేలుకొనే జ్ఞాపకం మారింది, అంతే.

ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ 1843లో వెలువరించిన తర్కశాస్త్ర గ్రంథంలో మనుషుల పేర్లకు అర్థం ఉండదని వాదించారు. అలీబాబా కథలో దొంగ తలుపు మీద గీసిన సుద్దగుర్తు ఆ ఇల్లు ఏదో చూపిస్తుందే తప్ప ఇంటి సంగతులేమీ చెప్పదు, పేరూ అలాంటిదేనన్నారు. ఆయన మాటకు ప్రయోగాల నుంచి కొంత మద్దతు దొరికింది. 1987లో బ్రిటిష్ మనోవిజ్ఞానులు కొందరికి అపరిచితుల ముఖాలు చూపించి, ఒక్కొక్కరి ఇంటిపేరూ వృత్తీ నేర్పించారు. బేకర్ అనే మాటను ఒక ముఖానికి ఇంటిపేరుగానూ, మరో ముఖానికి వృత్తిగానూ జతచేశారు. మాట ఒకటే అయినా వృత్తిగా విన్నప్పుడు బాగా గుర్తుంది, పేరుగా విన్నప్పుడు జారిపోయింది. రొట్టెలు కాల్చేవాడు అనగానే పొయ్యి, పిండి, వాసన అన్నీ మనసులోకి వస్తాయి. ఉత్త పేరుకు అలాంటి ఆసరా ఏదీ ఉండదు.

ఆ ఆసరాను ప్రసిద్ధులు అందిస్తారు. పేరుకీ మనిషికీ మెదడులో ముడి ఎంత గట్టిగా పడుతుందో 2005లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. అమెరికాలో మూర్ఛవ్యాధి శస్త్రచికిత్సకు ముందు, మూర్ఛ ఎక్కడ మొదలవుతోందో పట్టుకోవడానికి రోగుల మెదడులో సన్నని ఎలక్ట్రోడ్లు అమర్చారు. వాటి సాయంతో ఒక్కో నాడీకణం స్పందనను విడిగా నమోదు చేయగలిగారు. ఒక రోగి మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలోని ఒక కణం హాలీవుడ్ నటి హేలీ బెరీ ఫొటోలు చూపినప్పుడు చురుగ్గా స్పందించింది. ముఖానికి ముసుగుతో ఉన్న క్యాట్‌వుమన్ వేషంలో చూపినా, గీసిన బొమ్మ చూపినా స్పందించింది. చివరికి తెర మీద బొమ్మేదీ లేకుండా ఆమె పేరును ఉత్త అక్షరాల్లో చూపించినా అదే కణం మేలుకొంది. దీన్ని బట్టి ఒక మనిషికి ఒకే కణం అనుకోకూడదు. అలాంటి కణాలు ఇంకెన్నో ఉంటాయి, ఒక్కో కణం ఒకటికి మించిన విషయాలకు స్పందించవచ్చు. కానీ ముఖమూ అక్షరాలూ అక్కడ ఒకే చోట కలిశాయన్నది మాత్రం స్పష్టం. మిల్ గారి సుద్దగుర్తు ఇంటి లోపలిదాకా వెళ్లిందన్నమాట.

అయితే ఒకే పేరు వందమందికి ఉంటే? అమెరికన్ మనోవిజ్ఞాని జాన్ ఆండర్సన్ 1974లో దీనికి దగ్గరి ప్రశ్ననే పరీక్షించారు. ఒక మాటకు ముడిపడిన సంగతులు పెరిగేకొద్దీ, వాటిలో ఏ ఒక్కదాన్నైనా గుర్తుపట్టడానికి పట్టే సమయం పెరుగుతుందని తేల్చారు. మన రామారావుల విషయంలో జరిగేది ఇదే. వీధికో రామారావు ఉన్నచోట ఆ పేరు ఒక్కటే వింటే ఎవరూ చప్పున మెదలరు. అలాంటి చోట తెలుగువాళ్ల పేర్ల ముందుండే ఇంటిపేరు పొడి అక్షరాలు ఆసరా అవుతాయి. నటుడు నందమూరి తారక రామారావు అలాగే ఎన్టీఆర్ అయ్యారు. తారకరాముడు మొదట దేవుడు, ఆ తర్వాతే నటుడు. కానీ 1976లో కల్వకుంట్ల చంద్రశేఖరరావు తన కొడుక్కి తారక రామారావు అని పెట్టినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఆ నటుడే. ఆ కొడుకు రాజకీయాల్లో పెద్దవాడయ్యాక కేటీఆర్ అయ్యాడు. పేరు ఒకటే అయినా ఇంటిపేరు మొదటి అక్షరం ఇద్దరినీ విడదీసింది.

పేరు మోసేవాళ్లు ఎక్కువమంది ఉండటం వల్ల ఆ పేరుకు రక్షణ కూడా దొరుకుతుందని నాకనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో పిల్లలకు అడాల్ఫ్ అని పెట్టడం దాదాపు ఆగిపోయింది. జోసెఫ్ మాత్రం నిలిచింది. గోబెల్స్ పేరూ జోసెఫే, స్టాలిన్ పేరూ జోసెఫే. అయినా బైబిలు జోసెఫ్‌తో మొదలుపెట్టి లెక్కలేనంతమంది ఆ పేరును పంచుకున్నారు కాబట్టి ఏ ఒక్కరి పాపమూ దాన్ని పూర్తిగా కమ్మేయలేకపోయింది. మన పురాణాల్లో విభీషణుడి సంగతి మరీ విచిత్రం. ధర్మం పక్షాన నిలిచినవాడే. అయినా ఇంటిగుట్టు చెప్పాడన్న ఒక్క కథ ఆ పేరుకు అంటుకుంది, దాన్ని పలచబరచడానికి మరో ప్రసిద్ధ విభీషణుడు లేడు. కర్ణుడి పేరు పెట్టుకునే ఇళ్లున్నాయి. విభీషణుడి పేరు వినపడటం అరుదు.

ప్రసిద్ధుల కోసం మనసు ఎంత తొందరపడుతుందంటే, లేని ముడి కూడా వేసేస్తుంది. 2023 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్ తరఫున మూడు సెంచరీలు కొట్టిన రచిన్ రవీంద్ర పేరు క్రికెటర్లు రాహుల్ ద్రావిడ్, సచిన్ పేర్ల కలయిక అని అందరూ చెప్పుకున్నారు. తాము ఆ పేరు ఎంచుకున్నది ఆ ఉద్దేశంతో కాదని, వినడానికి బాగుండి, చిన్నగా, స్పెల్లింగ్ రాయడానికి వీలుగా ఉందని పెట్టామని రచిన్ తండ్రి తర్వాత చెప్పారు. ఆ వివరణ ఎందరికి చేరిందో గానీ, మొదటి కథ మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

మనుషులే కాదు, తుపాన్లూ పేర్లను ఆక్రమిస్తాయి. 2005లో కత్రినా న్యూ ఆర్లీన్స్‌ను ముంచాక అమెరికాలో ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడం బాగా తగ్గింది. వింతేమిటంటే, కత్రినాలోని ధ్వనులతో కూడిన ఇతర పేర్లు ఆ తర్వాత పెరిగాయని 2012లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. చెవిలో పదేపదే పడిన ధ్వని, ఎక్కడిదో తెలియకుండానే, ఇంపుగా తోచిందన్నమాట. ప్రపంచ వాతావరణ సంస్థ అట్లాంటిక్ జాబితాలోంచి కత్రినాను తీసేసి కాటియా అని చేర్చింది. మన ఉత్తర హిందూ మహాసముద్రంలో సభ్యదేశాలు ఇచ్చే పేర్లు రాజకీయ నాయకులకూ మతవిశ్వాసాలకూ ముడిపడి ఉండకూడదన్న నియమం ఉంది. 2010 మే నెలలో బాపట్ల దగ్గర తీరం దాటిన తుపానుకు లైలా అని పాకిస్తాన్ ఇచ్చిన పేరు పెట్టారు. ఈ జాబితాలో ఒకసారి వాడిన పేరును మళ్లీ వాడరు, ఆ తుపాను చేసిన నష్టం ఎంతైనా సరే.