పిల్లలు కలగలేదా? భర్తకు కూడా థైరాయిడ్ పరీక్ష చేయించండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి సంతానం కోసం మా ఓపీకి తరచుగా వచ్చేది అత్తాకోడళ్లు. కోడలి సంచినిండా స్కానింగు రిపోర్టులు. కొడుకు సంగతి అడిగితే, "మా పిలగాడు మంచిగనే ఉన్నడు సారూ, పరీక్షలు దీనికే చెయ్యిండ్రి" అంటుంది అత్త. ఆ పిలగాడు ఎక్కడో దూరాన మేస్త్రీ పనిలో ఉంటాడు. భార్యాభర్తలు కలిసి ఉండేది ఏడాదికి రెండు నెలలే అయితే ముందు ఆ లెక్క మాకు చెప్పాలి. ఏడాదిపాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతేనే సంతానలేమి అంటాం.

సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి లోపం కూడా ఉంటుంది. దానికి థైరాయిడ్ పెద్ద కారణమేమీ కాదు. కానీ సులువుగా తెలిసేది, మందుకు లొంగేది కనుక దాన్ని వదిలేయకూడదు. ఈ జబ్బు ఆడవారిలోనే ఎక్కువ, నిజమే. మగవారికి రాదనుకోవడం మాత్రం పొరపాటు.

గొంతు ముందుండే ఈ గ్రంథి మందగిస్తే నీరసం, మలబద్ధకం, ఒళ్లు బరువెక్కడం కనిపిస్తాయి. మగ హార్మోను తగ్గి కోరిక సన్నగిల్లుతుంది, అంగస్తంభన సరిగా ఉండదు. గ్రంథి అతిగా పనిచేస్తే గుండెదడ, చేతుల వణుకు, తింటున్నా చిక్కిపోవడం, శీఘ్రస్ఖలనం. రెండింటిలోనూ వీర్యకణాల కదలిక, ఆకారం దెబ్బతినవచ్చు. చాలామంది దీన్ని 'నరాల బలహీనత' అనుకుని లాడ్జీల్లో దిగే వైద్యుల దగ్గర డబ్బు పోగొట్టుకుంటారు. కొందరు మగ హార్మోను ఇంజక్షన్లు తీసుకుంటారు. అవి వీర్యకణాల తయారీనే ఆపేస్తాయి!

నీళ్లలోని ఫ్లోరైడు వల్లనేనా అని మమ్మల్ని అడుగుతుంటారు. ఫ్లోరైడు పళ్లను, ఎముకలను పాడుచేస్తుందన్నది మన జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు. పిల్లలు కలగకపోవడాన్ని మాత్రం పరీక్ష లేకుండా నీళ్లమీదికి నెట్టకండి.

గ్రంథి మందగించినవారు థైరాక్సిన్ మాత్రను పరగడుపున, టీకి అరగంట నుంచి గంట ముందు మంచినీళ్లతో వేసుకోవాలి. కీళ్లనొప్పులకు కాల్షియం మాత్రలు వాడేవారు ఇక్కడ ఎక్కువ. వాటికీ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అందుకే థైరాయిడ్ అదుపులోకి వచ్చాక 3 నెలలకు మళ్లీ వీర్యపరీక్ష చేస్తాం. నెలకే మందు మానేసి "గుణం కనబడలేదు" అనవద్దు.

పండక్కి ఇంటికొచ్చినప్పుడు అతన్నీ వెంటబెట్టుకు రండి. టీఎస్‌హెచ్ రక్తపరీక్షకు ఉపవాసం అక్కరలేదు. వీర్యపరీక్షకు మాత్రం 2 నుంచి 7 రోజులు కలయికకు దూరంగా ఉండి రావాలి.