పాతకారు లోపలి చిన్న మరమ్మతులు

యుద్ధభూమిలో దశరథుని రథచక్రపు చీల యూడిపోగా కైకేయి తన వ్రేలినే చీలగా నిలిపి రథమును కాపాడెనను కథను మనమందఱము బాల్యమున పెద్దలవలన వినియున్నాము. ఆమె చేసినదియు నొక మరమ్మతే కదా! అట్టి కథలు విని పెరిగిన మనము, ఇంటిముందరి కారు తలుపునకు చిన్న క్లిప్పు ఊడినంతనే అది మగవారి పనియని మెకానిక్కునకు కబురంపుచున్నాము. మేమును మొన్నటివరకు నట్లే యుండినవారము.

మా యింట నున్నది 2004వ సంవత్సరపు మారుతి 800. ఈ తరగతి కారు మొదటిది 1983వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన కొనినవారి చేతి కందినది; 2014లో దీని తయారీ నిలిచిపోయినది. అయినను మాబోటి బడిపంతుళ్ల యిండ్లలో నిది యింకను తిరుగుచునే యున్నది. మా అత్తగారిని నెలకొకమారు పట్టణమునందలి వైద్యునికడకు తీసికొనిపోవుటకు మాకిదియే యాధారము.

ఈ యేటి శ్రావణమున కారులో ముక్కిన వాసన పుట్టెను. అత్తగారికి ఉబ్బసము గలదు. కారెక్కిన పది నిమిషములకే వారికి దగ్గు ఎడతెగక రాసాగెను. "అమ్మాయీ, నేను బస్సులోనే పోతాను. ఈ పెట్టెలో నాకు ఊపిరాడదు" అనిరి. మోకాళ్ల నొప్పులతో వారు బస్సెక్కుట యెట్లు?

ముందుగా మేము చేసినది తెలివిగల పని కాదు. సుగంధపు డబ్బీ యొకటి వ్రేలాడదీసి, తలుపు లోపల ఉబ్బి లేచిన రెక్సినును జిగురుతో అంటించితిమి. మఱుసటి వానకు రెక్సిను మరల లేచెను, వాసన హెచ్చెను. రోగ మొకచోట నుండగా మందు వేఱొకచోట రాచితిమి.

అసలు కారణ మిది. కారు తలుపు రెండు రేకుల నడుమ డొల్లగా నుండును. అద్దము దిగు సందునుండి వాననీరు కొంత లోనికి జాఱుట సహజమే. ఆ నీరు తలుపు అడుగునగల చిన్న రంధ్రములగుండ బయటికి పోవలెను. లోపలి అట్ట తడియకుండ దాని వెనుక నొక పాలిథీను షీటు అంటించి యుండును. మా కారున రంధ్రములు ఎండుటాకులతోను మట్టితోను పూడిపోయినవి. పూర్వమెన్నడో అద్దము బాగుచేసిన పనివాడు షీటును చించి పాఱవేసెను.

తలుపు అట్టను విప్పుట కష్టము కాదు. మొదట అద్దమును పూర్తిగా పైకెత్తి, దానిని త్రిప్పు పిడి యే దిక్కున నిలిచినదో గుర్తుంచుకొనవలెను. పిడిని పట్టియుంచునది దాని వెనుక దాగిన, గుఱ్ఱపునాడా వంటి సన్నని తీగ. పాత నూలుగుడ్డ పట్టీని పిడికిని అట్టకును నడుమ దూర్చి, రెండు కొనలును పట్టి, కవ్వపుత్రాటివలె అటునిటు లాగిన ఆ తీగ యెగిరిపడును. క్రింద తెల్లని దుప్పటి పఱచుకొనుడు. లేనిచో దానిని వెదకుటతోనే పూట గడచును. పిమ్మట చేయి ఆనుకొను పిడి స్క్రూలను, లోపలి గడియ చుట్టునుగల ప్లాస్టిక్ చట్టమును తీసి, అట్టను దాని క్లిప్పుల దగ్గఱ మాత్రమే, గుడ్డచుట్టిన పలుచని వెదురుబద్దతో మెల్లగా ఎత్తవలెను. వేఱొకచోట పట్టి లాగితిమా, తడిసిన అట్ట చినిగి క్లిప్పు తలుపునకే మిగులును. మొదటి తలుపునకు మాకట్లే జరిగినది.

పుల్లతో రంధ్రములను శుభ్రపఱచి, బయటినుండి అద్దముపై చెంబెడు నీరు పోసితిమి. అడుగునుండి బురదనీరు ధారగా కాఱెను. అరుగుమీద కూర్చున్న అత్తగారు "అదుగో, నా దగ్గు పోతున్నది!" అని నవ్విరి. అటుపై దళసరి పాలిథీను షీటును తలుపు కొలతకు కత్తిరించి, నీటికి ఊడని జిగురుపట్టీతో అంటించితిమి. దాని క్రిందియంచు తలుపు లోనికి వంగియుండవలెను. అట్లుండిననే జాఱిన నీరు తలుపులోనికి పోవును గాని మన పాదములకడకు రాదు.

నేలమీది పట్టాను ఎత్తిచూడగా దాని క్రిందిపొర పిండని బట్టవలె నుండెను. రెండు దినములు ఎండలో ఆరవేసితిమి. బూజు దులుపునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుటయు, ఉబ్బసమువారిని దూరముగా నుంచుటయు మఱవరాదు. పైపైని తుప్పును గరుకుకాగితముతో రుద్ది రెడ్ ఆక్సైడు పూసితిమి. రేకునకు చిల్లుపడిన యెడల మాత్రము వెల్డింగు పనివానిని పిలువవలసినదే.

ఇక నొక తప్పును ఒప్పుకొనవలసియున్నది. రెండేండ్ల క్రిందట ముందు సీటు బెల్టు అంచున పీచులు లేవగా, మా కుట్టుపని నేర్పు చూపదలచి చక్కగా కుట్టితిమి. చూచినవారు మెచ్చిరి. ఇప్పుడు తెలిసికొంటిమి: బెల్టు బలమంతయు దాని నేతలోనే యున్నది, అరిగిన నేతకు సూదిదారము ఆ బలమును తిరిగి యీయజాలదు, అట్టి బెల్టును మార్చవలసినదే. ఆ బెల్టుతోనే అత్తగారిని పలుమారులు కూర్చుండబెట్టితిమని తలచిన నేటికిని గుండె జల్లుమనును. మఱునాడే క్రొత్తది వేయించితిమి. సీటుబెల్టు, బ్రేకు, విద్యుత్తీగలు, క్రొత్తకార్లలోని ఎయిర్‌బ్యాగు, వీని జోలికి మన సూదియు స్క్రూడ్రైవరును పోరాదు.

మొన్న పట్టణమునకు పోయివచ్చితిమి. దారిలో వాన కురిసెను. అత్తగారు ఒక్కమారైనను దగ్గక, తిరుగుదారిలో కునుకు తీసిరి.

సోదరీమణులారా! ఒక ఆదివారము తీరిక చేసికొని, మీ కారు తలుపుల అద్దములపై చెంబెడేసి నీరు పోసి, అడుగున వంగి చూడుడు. నీరు బయటికి రాకున్నచో సుగంధపు డబ్బీలను కొనకుడు, పుల్లను చేతబట్టుడు.